సరిహద్దు పట్టణపు కాపలాదారు : చేజరె మాల్దీని

పుట్టిన ఊరు విడిచి పరాయిచోట స్థిరపడినవానిని లోకం రెండు ప్రశ్నలు అడుగుతుంది. ‘నీవు ఎక్కడివాడవు?’ అన్నది మొదటిది. ‘నీ పిల్లలు ఎక్కడివారు?’ అన్నది రెండవది. మొదటి ప్రశ్నకు మనమందరం తడుముకోకుండా జవాబు చెబుతాము. పాలమూరు అనో, కరీంనగరం అనో, గోదావరి జిల్లా అనో తాతల నాటి ఊరిపేరు నోటికి వస్తుంది. రెండవ ప్రశ్న దగ్గరకు వచ్చేసరికి గొంతు కొంచెం తగ్గుతుంది. ఈ ఉగాది సంచికలో నేను చెప్పబోయే కథ మన దేశానిది కాదు, మన భాషది కాదు. ఇటలీ దేశపు కాలిబంతి ఆటగాడొకరి కథ. అయినప్పటికీ ఆ రెండు ప్రశ్నలూ ఆయన జీవితమంతా వెంట నడిచినవి. కనుక మన సంచికలో దీనికి కాస్త చోటు దొరకవచ్చునని నా నమ్మకం.

ఆయన పేరు చేజరె మాల్దీని. ఇటలీవారు ఆ మొదటి మాటను పలికే తీరు మన చెవికి ‘చేజారె’ అన్నట్లుగానే వినిపిస్తుంది. పేరు అటువంటిది గాని, బంతిని చేజారనివ్వకుండా కాపాడటమే ఆయన వృత్తి. పాతికేళ్లలోపు పిల్లలకు ఆయన మనుమని పేరు తెలుసును. నలభై యాభై ఏండ్లవారికి కుమారుడు పావొలో మాల్దీని తెలుసును. మొదటివానిని తెలిసినవారు మాత్రం మనలో తక్కువ. వంశవృక్షాన్ని వేరునుండి చూడటమే న్యాయం గనుక అక్కడనుండే మొదలుపెడతాను.

పలు జెండాలు చూచిన ఊరు

ఆడ్రియాటిక్ సముద్రపు ఉత్తరపు కొసన త్రియెస్తె అనే రేవుపట్టణం ఉన్నది. 1382 మొదలు 1918 వరకు, నడుమ కొద్దికాలం నెపోలియను సేనలు పట్టుకొన్నది తప్పిస్తే, అది ఆస్ట్రియా చక్రవర్తుల ఏలుబడిలోనే ఉండినది. 1719లో దానిని సుంకం లేని రేవుగా ప్రకటించిన తరువాత నలుదిక్కుల జనం అక్కడికి వచ్చి చేరినారు. ఇటాలియనులు, స్లొవీనులు, క్రొయేషియనులు, జర్మను మాట్లాడేవారు, గ్రీకులు, యూదులు ఒకే బజారులో వ్యాపారం చేసుకొనేవారు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసి చక్రవర్తి పోయినాడు. ఊరు ఇటలీ చేతిలోకి వచ్చినది. ఆ తరువాత వచ్చిన ఫాసిస్టు ప్రభుత్వం స్లొవీను బడులను మూయించినది. వారి పత్రికలను ఆపించినది. ఇంటిపేర్లను సైతం ఇటాలియను వాటముగా మార్పించినది. ఇంటిపేరు మార్చుకొమ్మని ఎవరైనా తాఖీదు పంపితే ఎట్లుంటుందో మన ఇండ్లలోని పెద్దలను అడిగి చూడవలసినదే.

అటువంటి ఊరిలో 1932వ సంవత్సరం ఫిబ్రవరి 5వ తేదీన చేజరె మాల్దీని జన్మించినారు. ఆయనకు పదకొండేండ్లు నిండినపుడు, 1943లో, జర్మనులు ఊరిని ఆక్రమించుకొన్నారు. 1945 మే నెలలో యుగోస్లావియా సేనలు వచ్చి నలుబది దినములు ఉన్నవి. తరువాత బ్రిటిషువారు, అమెరికనులు వచ్చినారు. 1947 సంధి ప్రకారం త్రియెస్తె ఇటలీదీ కాక, యుగోస్లావియాదీ కాక, ‘స్వతంత్ర భూభాగం’ అనే పేరుతో నడుమ నిలిచిపోయినది. ఊరున్న భాగాన్ని ఆంగ్ల, అమెరికను సేనాధికారులు పాలించినారు. 1953 నవంబరులో ‘మేము ఇటలీలో కలుస్తాము’ అంటూ జనం వీధులకెక్కగా ఆరుగురు ప్రాణాలు కోల్పోయినారు. ఇల్లు కదలకపోయినా, దేశం పలుమార్లు కదిలినది. ఇరువది రెండేండ్లు నిండేలోపల ఆ పిల్లవాడు చూచిన జెండాలు ఇన్ని.

ఈ గందరగోళంలో ఊరివారికి మిగిలిన ఉమ్మడి ఆస్తి ఒకటి ఉండినది. అది త్రియెస్తీనా అనే కాలిబంతి జట్టు. ఊరు ఇటలీ పాలనలో లేకపోయినా జట్టు మాత్రం ఇటలీ మొదటి శ్రేణి లీగులోనే ఆడుతూ వచ్చినది. 1946-47లో జట్టు అందరికంటే చివరన నిలిచినది. ఆటల నిబంధన ప్రకారం క్రింది శ్రేణికి దిగిపోవలసినదే. ఊరి దుస్థితిని తలచి లీగువారు దానిని పైశ్రేణిలోనే ఉంచినారు. ఆ మరుసటి సంవత్సరమే అద్భుతం జరిగినది. అదే జట్టు, టొరీనో జట్టు తరువాత, మరి ఇరువురితో కలిసి రెండవ స్థానంలో నిలిచినది. దానిని అట్లు నిలిపిన శిక్షకుడు ఆ ఊరి బిడ్డడే. పేరు నెరేయో రొక్కో.

గడియ వేసే విద్య

రొక్కో గారి తాతది వియన్నా నగరం. వారి అసలు ఇంటిపేరు ‘రాక్’. 1920లలో అది ‘రొక్కో’ అయినది. భారీ మనిషి, పెద్ద గొంతు. ఊరి యాసలో ఆయనను ‘పరోన్’ అని పిలిచేవారు. మనము ‘దొర’ అనో ‘యజమాని’ అనో అనేటటువంటి మాట అది.

ఆయన ప్రచారంలోకి తెచ్చిన ఆటతీరుకు ఇటాలియనులో ‘కతెనాచ్చో’ అని పేరు. ఆ మాటకు అర్థం తలుపు గడియ. దాని మర్మం తెలుసుకొనుట కష్టం కాదు. సాధారణంగా బ్యాక్ ఆటగాళ్లు ఎదుటి ఫార్వర్డులను ఒక్కొక్కరిని పట్టుకొని కాస్తారు. వారిలో ఒకడు ఏమరితే తలుపు తెరచుకొన్నట్లే. కనుక వారందరి వెనుక, గోల్‌కీపరుకు ముందు, ఎవరినీ పట్టుకోవలసిన పనిలేని ఒక మనిషిని అదనంగా నిలుపుతారు. అతనిని ‘లిబెరో’ అన్నారు. స్వేచ్ఛగా ఉన్నవాడని అర్థం. ముందువాడు తప్పిపోయిన చోటికి పరుగెత్తి ఆదుకోవటం, చిక్కిన బంతిని ముందుకు పంపటం అతని పని. వెనుక ఒకనిని చేర్చినందువల్ల ముందు ఒకడు తగ్గుతాడు. గోళ్లు తక్కువ వస్తాయి. చూచేవారికి విసుగు పుడుతుంది. ‘ఇది పిరికి ఆట’ అని విమర్శించినవారు ఎందరో. అయితే ధనవంతుల జట్లు పదిమంది మేటి ఆటగాళ్లను కొనగలవు. బీద ఊరి జట్టు తన ఇంటికి గడియ వేసుకొనుట తప్ప ఏమి చేయగలదు? ఈ సంగతి మరచి ఆ విద్యను నిందించుట తగదు.

మాల్దీని 1953లో త్రియెస్తీనా తరపున మొదటి శ్రేణిలో తొలి ఆట ఆడినారు. ఆ తరువాతి సీజనులో రొక్కో తిరిగి ఆ జట్టుకు శిక్షకుడుగా వచ్చినారు. పొడగరి, నిటారైన మనిషి, తల ఎత్తి ఆడే కుర్రవాడు రొక్కో కంటపడినాడు. గురుశిష్య సంబంధం అక్కడ మొదలైనది. అది పాతికేండ్లు సాగినది.

మిలాన్ ప్రయాణం

1954లో మాల్దీని ఊరు విడిచి మిలాన్ నగరానికి వెళ్లినారు. ఆ సంవత్సరం సెప్టెంబరు 19వ తేదీన ఎరుపు నలుపు చారల చొక్కా తొడుక్కొని ఆడిన మొదటి పోటీ ఎవరిమీదనో తెలుసునా? త్రియెస్తీనా మీదనే. మిలాన్ 4-0తో గెలిచినది. సొంత ఊరిని ఓడించి కొత్త ఊరి కొలువులో చేరినట్లయినది. సరిగ్గా ఆ నెలలోనే త్రియెస్తె భవిష్యత్తు గురించి లండనులో బేరసారాలు జరుగుతున్నవి. అక్టోబరు 5న ఒప్పందం కుదిరినది. అదే నెల 26న ఇటలీ సేనలు త్రియెస్తెలో ప్రవేశించినవి. ఊరు ఇటలీకి తిరిగి వచ్చిన వేళకు ఊరి బిడ్డడు అక్కడ లేడు. పొట్టకూటికై వలసపోయినవారిలో చాలామందికి ఇటువంటి అనుభవం ఉన్నదే. ఊరికి మంచిరోజులు వచ్చేసరికి మనము రైలెక్కి ఉంటాము.

ఆనాటి మిలాన్ జట్టు కూడ వలసదారుల సత్రమే. స్వీడను దేశస్థులు నోర్దాల్, లీడ్‌హోల్మ్, ఉరుగ్వే దేశపు స్కియాఫీనో, శిక్షకునిగా హంగేరీవాడైన బేలా గుట్‌మన్. ఆ తరువాత వచ్చిన జోసే అల్తాఫీని బ్రెజిలులో పుట్టినవాడు. పూర్వులు ఇటలీనుండి అక్కడికి వలసపోయినవారు. అతడు 1958 ప్రపంచ కప్పులో బ్రెజిలు తరపున, 1962లో ఇటలీ తరపున ఆడినాడు. ఒకే మనిషి రెండు దేశాలకు బిడ్డడయినాడు.

మిలాన్‌లో మాల్దీని పన్నెండు సీజనులు ఆడినారు. మొత్తం 412 పోటీలు. 1955, 1957, 1959, 1962 సంవత్సరాలలో నాలుగుసార్లు ఇటలీ లీగు బిరుదు గెలిచినారు. 1958 మే 28న బ్రస్సెల్సులో ఐరోపా కప్పు అంతిమ పోటీలో రియల్ మాడ్రిడ్ చేతిలో అదనపు సమయంలో 3-2తో ఓడిపోయినారు. ఈ తేదీని పాఠకులు గుర్తుంచుకొనవలెను. మరల దానితో పని పడుతుంది. 1961లో లీడ్‌హోల్మ్ విరమించుకొనగా నాయకత్వం మాల్దీనికి వచ్చినది. అదే సంవత్సరం రొక్కో మిలాన్ శిక్షకుడైనారు. త్రియెస్తెవారు ఇరువురూ మరల ఒకచోట కలిసినారు.

మాల్దీని ఆటలో ఒక చిక్కు ఉండినది. బంతిని గుడ్డిగా బయటికి తన్నటం ఆయనకు నచ్చదు. తన గోలుముందే ఎదుటివానిని బోల్తా కొట్టించి, తలెత్తి, అందంగా అందించవలెనని చూచేవారు. వందసార్లలో తొంబదిసార్లు అది చూడముచ్చటగా ఉండేది. తక్కిన పదిసార్లు కాలు తడబడి బంతి పరుల పాలయ్యేది. అటువంటి పొరపాటుకు ఇటలీ పత్రికలవారు ‘మాల్దినాత’ అని పేరే పెట్టినారు. తన ఇంటిపేరు ఒక తప్పుకు పేరు కావటం ఏ మనిషికి ఇష్టం? ఆయన మాత్రం ఆ అలవాటు మానలేదు, మొహమూ చాటువేయలేదు. గడియగా నిలిచినవాడు సైతం ఆట ఆడటానికే వచ్చినాడని ఆయన నమ్మకం కాబోలు.

1963 మే 22న లండను వెంబ్లీ మైదానంలో ఆయన జీవితంలోని పెద్ద రోజు వచ్చినది. అంతిమ పోటీలో ఎదుట ఉన్నది పోర్చుగలు జట్టు బెన్ఫికా. అప్పటికి వరుసగా రెండేండ్లు ఐరోపా కప్పు గెలిచినవారు వారే. యుసేబియో మొదట గోలు కొట్టినాడు. సగం ఆట గడిచిన తరువాత అల్తాఫీని రెండు గోళ్లు చేసినాడు. 2-1. ఐరోపా కప్పును గెలిచిన మొదటి ఇటలీ జట్టు మిలాన్. దానిని చేతులతో పైకెత్తిన మొదటి ఇటలీ నాయకుడు త్రియెస్తె నుండి వచ్చిన మాల్దీని. ఇటలీ దేశపు జట్టులో ఆయన 14 పోటీలు ఆడినారు. 1962లో చిలీ ప్రపంచ కప్పుకు వెళ్లినారు. ఆ పోటీలలో తన్నులాటగా పేరుపడిన చిలీ, ఇటలీ ఆటలో మాత్రం ఆయన మైదానంలో లేరు.

1966లో మిలాన్ విడిచి, అప్పటికి టొరీనో జట్టుకు వెళ్లిన రొక్కో దగ్గర ఒక సీజను ఆడి, 1967లో ఆట విరమించినారు.

పిల్లలను పెంచిన పదేండ్లు

ఆటగానిగా కీర్తి పొందినవారందరూ శిక్షకులుగా రాణించరు. మాల్దీని మొదట మిలాన్‌లో రొక్కోకు సహాయకుడై, తరువాత బాధ్యత తీసుకొన్నారు. అక్కడ నిలదొక్కుకోలేదు. ఫోజ్జా, తెర్నానా వంటి చిన్న జట్లకు వెళ్లినారు. పెద్ద పట్టణంలో కప్పు ఎత్తినవాడు చిన్న ఊళ్లలో సంచీ పట్టుకొని తిరగవలసి వచ్చినది. 1978లో పార్మా జట్టుకు చేరినారు. అది అప్పుడు మూడవ శ్రేణిలో ఉండినది. 1979లో రెండవ శ్రేణికి ఎక్కుటకు ఒక విడిపోటీ జరిగినది. ఎదుటి జట్టు మరల త్రియెస్తీనాయే! విచెంజాలో జరిగిన ఆ ఆటలో పార్మా అదనపు సమయంలో 3-1తో గెలిచినది. రెండు గోళ్లు కొట్టినవాడు అప్పుడే ఇరువది ఏండ్లు నిండిన కుర్రవాడు, పేరు కార్లో ఆంచెలోత్తి. ఈ పేరు కూడ గుర్తుంచుకొనవలెను.

1980లో ఇటలీ జట్టు శిక్షకుడు ఎంజో బెయర్‌జోత్ ఆయనను సహాయకునిగా తీసుకొన్నారు. బెయర్‌జోత్‌ది కూడ త్రియెస్తెకు దాపుననున్న ఫ్రియూలీ సీమయే. 1982 జూలై 11న మాడ్రిడ్‌లో ఇటలీ 3-1తో పశ్చిమ జర్మనీని ఓడించి ప్రపంచ కప్పు గెలిచినపుడు శిక్షకుని ప్రక్కన కూర్చున్నవారు మాల్దీని. ఆ గెలుపులో ఆయన పేరు పెద్దక్షరాలలో రాలేదు. సహాయకుల పేర్లు ఎక్కడ వస్తాయి?

1986లో ఇరువది ఒక్క సంవత్సరాలలోపు కుర్రవాళ్ల దేశపు జట్టు ఆయన చేతికి వచ్చినది. ఆయన జీవితంలో అసలైన పంట అక్కడ పండినది. పదేండ్లు ఆ కుర్రవాళ్లను దిద్దినారు. 1992లో, 1994లో, 1996లో వరుసగా మూడుమార్లు ఇటలీ కుర్రవాళ్లు ఐరోపా బిరుదు గెలిచినారు. 1996 జట్టులోని కన్నవారో, నెస్తా, తొత్తి అనేవారు పదేండ్ల తరువాత, 2006లో, ప్రపంచ కప్పు గెలిచిన ఇటలీ జట్టులో ఉన్నారు. ఆ కప్పు పైకెత్తిన నాయకుడు కన్నవారోయే. మామిడి మొక్క నాటినవాడు కాయ తినకపోయినా, చెట్టు ఆ చేతిని మరచిపోదు.

తండ్రి శిక్షకుడు, కొడుకు నాయకుడు

మాల్దీని దంపతులకు ఆరుగురు పిల్లలు. వారిలో పావొలో 1968 జూన్ 26న మిలాన్‌లో పుట్టినాడు. పదేండ్లవాడుగా మిలాన్ పిల్లల జట్టులో చేరినాడు. 1985 జనవరి 20న, పదహారేండ్ల వయస్సులో, ఉదినె పట్టణంలో మొదటి ఆట ఆడినాడు. అతనిని మైదానంలోకి దింపిన శిక్షకుడు లీడ్‌హోల్మ్. అంటే తండ్రికి నాయకత్వం అప్పగించి పోయిన మనిషే కొడుకుకు తలుపు తెరచినాడు.

తండ్రి పేరు కొడుకుకు గొడుగు అవుతుంది, బరువూ అవుతుంది. ‘వాని తండ్రి ఫలానా గనుక చోటు ఇచ్చినారు’ అనే మాట మైదానం చుట్టూ గుసగుసగా తిరిగేది. దానికి సమాధానం నోటితో చెప్పుట సాధ్యం కాదు. పావొలో ఇరువది అయిదు సీజనులు ఒకే జట్టుకు 902 పోటీలు ఆడి జవాబు చెప్పినాడు.

1996 డిసెంబరులో పెద్దల దేశపు జట్టు బాధ్యత చేజరె మాల్దీనికి వచ్చినది. అప్పటికే దాని నాయకుడు పావొలో. తండ్రి శిక్షకుడు, కొడుకు నాయకుడు. 1997 ఫిబ్రవరి 12న అదే వెంబ్లీ మైదానంలో ఇటలీ 1-0తో ఇంగ్లండును ఓడించినది. ప్రపంచ కప్పు అర్హత పోటీలలో ఇంగ్లండు తన గడ్డమీద ఓడిపోవుట అదే ప్రథమం. తరువాత కొన్ని ఆటలు సమం కావటంతో ఇటలీ రెండవ స్థానానికి దిగి, రష్యాతో విడిపోటీ ఆడవలసి వచ్చినది. 1997 అక్టోబరు 29న మాస్కోలో మంచు కురుస్తుండగా గోల్‌కీపరు పల్యూకాకు దెబ్బ తగిలినది. శిక్షకుడు పంతొమ్మిదేండ్ల కుర్రవానిని పంపినారు. ఆ కుర్రవాడే జాన్‌లూయిజి బుఫోన్. తరువాత ప్రపంచ ప్రసిద్ధుడైనాడు. ఆ ఆట 1-1తో ముగిసినది. నేపుల్సులో 1-0తో గెలిచి ఇటలీ ఫ్రాన్సు ప్రయాణం కట్టినది.

1998 జూలై 3న క్వార్టర్ ఫైనలులో ఇటలీ, ఫ్రాన్సు జట్లు 0-0గా నిలిచినవి. అదనపు సమయంలో బాజ్జో కొట్టిన బంతి గోలు ప్రక్కగా వెంట్రుకవాసిలో పోయినది. పెనాల్టీలలో చివరి బంతిని దీ బ్యాజో పైకమ్మికి కొట్టినాడు. ఇటలీ 4-3తో ఓడిపోయినది. ఆ ఫ్రాన్సు జట్టే కప్పు గెలిచినది. ఇటలీలో విమర్శలు వెల్లువగా వచ్చినవి. గడియ వేసుకొని కూర్చున్నారు అన్నారు. దెల్ పియెరోను ఎందుకు, బాజ్జోను ఎందుకు కాదు అన్నారు. ఆ విమర్శలో సబబు లేకపోలేదు. చేతిలో అంతటి ఫార్వర్డులు ఉండగా, బీద ఊరి జట్టుకు పనికివచ్చిన జాగ్రత్తను ధనికుని ఇంటిలోనూ పాటించినారు. నేర్చిన మొదటి పాఠం మనిషిని చివరిదాకా వదలదు. ఆయన పదవి విడిచినారు.

తండ్రి యాస కూడ ఆయనను విడువలేదు. మిలాన్‌లో నలుబదేండ్లు గడచినా ఆయన మాటలో త్రియెస్తె పలుకుబడి పోలేదు. రొక్కోతో ఆయన ఎప్పుడూ ఆ ఊరి మాటలోనే మాట్లాడేవారు. తేయో తేయోకోలి అనే హాస్యనటుడు టెలివిజనులో ఆ యాసను, ఆ నడకను అనుకరించి దేశమంతటినీ నవ్వించినాడు. యాసను దాచుకొనుట చాతకాక కాదు. దాచుకోవలసిన పాపమేమీ అందులో లేదని గాబోలు ఆయన మార్చుకోలేదు. మన పిల్లలు తరగతిలో తెలుగు యాసతో మాట్లాడి నవ్వులపాలై ఇంటికి వచ్చినపుడు మనము ఏమి చెబుతున్నామో ఒకసారి ఆలోచించుకొనవలెను.

చివరి సంవత్సరాలు

2001లో మిలాన్ జట్టు ఇబ్బందిలో పడి, అరువది తొమ్మిదేండ్ల పెద్దాయనను మరల పిలిచినది. మే 11న ఊరి ప్రత్యర్థి ఇంటర్‌ను ఆయన జట్టు 6-0తో ఓడించినది. జట్టు నాయకుడు కొడుకే. మరుసటి సంవత్సరం డెబ్బదేండ్ల వయస్సులో ఆయన పరాగ్వే దేశపు జట్టుకు శిక్షకుడై ప్రపంచ కప్పుకు వెళ్లినారు. ఆ పోటీలలోని శిక్షకులలో అందరికంటే పెద్ద ఆయనే. దక్షిణాఫ్రికాతో 2-2, స్పెయినుతో 1-3. మూడవ ఆట త్రియెస్తెకు ఇరుగుపొరుగు దేశమైన స్లొవేనియాతో. ఒక ఆటగాడు బయటికి పోయి పదిమందితో ఆడుతూ, వెనుకబడి కూడ పరాగ్వే 3-1తో గెలిచి తరువాతి దశకు చేరినది. 2002 జూన్ 15న జర్మనీ చేతిలో, ఆట ముగియవచ్చిన వేళ పడిన ఒక్క గోలుతో ఓడిపోయినది. మూడు రోజుల తరువాత, జూన్ 18న, అదే కొరియా గడ్డమీద పావొలో నాయకత్వాన ఇటలీ కూడ ఓడిపోయినది. ఇటలీ జట్టులో అతని చివరి ఆట అదే. తండ్రీ కొడుకులు ఒకే ప్రపంచ కప్పునుండి రెండు దేశాలవారుగా వెనుదిరిగినారు.

ఇప్పుడు ఆ తేదీతో పని పడినది. 2003 మే 28. తండ్రి బ్రస్సెల్సులో ఓడి సరిగ్గా నలుబది అయిదేండ్లు. మాంచెస్టరులో మిలాన్, యువెంతుస్ జట్ల మధ్య ఐరోపా కప్పు అంతిమ పోటీ 0-0గా ముగిసి, పెనాల్టీలలో మిలాన్ 3-2తో గెలిచినది. కప్పు పైకెత్తిన నాయకుడు పావొలో మాల్దీని. తండ్రి దానిని ఎత్తి నలుబదేండ్లు అయినది. అదే దేశం, అదే జట్టు, అదే ఇంటిపేరు. ఆనాడు మిలాన్ శిక్షకుడు ఎవరు? పార్మాలో చేజరె మాల్దీని పెంచిన ఆ కుర్రవాడు, కార్లో ఆంచెలోత్తి.

హైదరాబాదు తలపు

ఈ కథ చదువుతుంటే మన హైదరాబాదు సంగతి జ్ఞప్తికి రాక మానదు. 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదేండ్లు హైదరాబాదు పోలీసు జట్టు నాటి బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచినది. ఆ జట్టును తీర్చినవారు సయ్యద్ అబ్దుల్ రహీం. భారతదేశపు జట్టు 1956 మెల్బోర్ను ఒలింపిక్సులో నాలుగవ స్థానం పొందినది ఆయన శిక్షణలోనే. 1960లో ఆయన జట్టు ఇటలీకే వెళ్లినది. రోము ఒలింపిక్సులో హంగేరీతో 1-2తో ఓడి, ఫ్రాన్సుతో 1-1గా నిలిచి, పెరూతో 1-3తో ఓడినది. హంగేరీపై, పెరూపై గోళ్లు చేసినవాడు సికిందరాబాదు కుర్రవాడు తులసీదాస్ బలరాం. అదే ఒలింపిక్సులో ఇటలీ తరపున ఆడిన రివెరా, త్రపత్తోని అనే యువకులు మూడేండ్ల తరువాత వెంబ్లీలో మాల్దీని నాయకత్వాన ఆడినారు. రహీం గారి కుమారుడు హకీం కూడ ఆ రోము జట్టులో సభ్యుడు. ఆటలోకి మాత్రం దిగలేదు. తండ్రి శిక్షకుడుగా ఉన్న జట్టులో కొడుకు స్థానం ఎంత సున్నితమైనదో దీనివల్ల కూడ తెలుస్తున్నది. 1962లో జకార్తాలో ఆసియా క్రీడల బంగారు పతకం గెలిపించి, 1963 జూన్‌లో రహీం గారు కన్నుమూసినారు. వెంబ్లీలో మాల్దీని కప్పు ఎత్తి అప్పటికి నెల కూడ కాలేదు. వారి చరిత్రను ఇటలీవారు తమవారి చరిత్రను చెప్పుకొన్నంతగా మనము చెప్పుకొన్నామా?

మూడవ తరం

చేజరె మాల్దీని 2016 ఏప్రిల్ 3న మిలాన్‌లో కాలం చేసినారు. త్రియెస్తెలో పుట్టి మిలాన్‌లో ముగిసిన బ్రతుకు. త్రియెస్తెలోని మైదానానికి రొక్కో పేరు ఉన్నది.

మనుమడు దానియేల్ 2001లో పుట్టినాడు. అతడు తండ్రి వలె, తాత వలె వెనుక కాచేవాడు కాదు, ముందు ఆడేవాడు. 2020లో మిలాన్ జట్టు తరపున మొదటి ఆట ఆడినాడు. 2022లో ఆ జట్టు లీగు బిరుదు గెలిచినపుడు తాతకు, తండ్రికి, మనుమనికి ఒకే జట్టుతో ఆ గౌరవం దక్కినట్లయినది. 2024 అక్టోబరు 14న అతడు ఇటలీ దేశపు చొక్కా మొదటిసారి తొడిగినాడు. ఆ ఆట జరిగినది ఉదినెలో. తండ్రి పదహారేండ్లవాడుగా తొలి అడుగు పెట్టిన ఊరు అదే. తాత పుట్టిన త్రియెస్తె అక్కడికి ఎంతో దూరం కాదు.

వలస వచ్చినవాని పిల్లలు ఎక్కడివారు? మాల్దీని కుటుంబం దీనికి ఒక జవాబు చెప్పినది. కొడుకు మిలాన్‌వాడే; ఆ నగరం అతనిని తనవానిగానే చూచుకొన్నది. తండ్రి దానికి అడ్డుపడలేదు. ‘నా వలెనే ఆడు’ అని మనుమనిని కూడ ఎవరూ కట్టివేయలేదు. అతడు గడియ కాలేదు, ముందుకు ఉరికే ఆటగాడైనాడు. అయినా ఆ పెద్దాయన తన యాసను, తన ఊరి గురువును, తన ఆటలోని పొరపాటును సైతం దాచకుండా పిల్లల కళ్లముందు ఉంచినారు. ఇంటిపేరు నిలిచినది అందువల్లనే గాని ఆస్తివల్ల కాదు.

మన సంఘపు పెద్దలు ప్రతి ఉగాదికీ పిల్లలచేత తెలుగు పద్యం చెప్పించవలెనని తాపత్రయపడతారు. పిల్లలు మరాఠీ వాటం పలుకుతో దానిని చదువుతారు. వెనుక వరుసలో కొందరు నవ్వుతారు. ఈ సంవత్సరం ఆ నవ్వు మానుకొందాము. కొత్త ఊరి పలుకుతో పాత ఊరి మాట చెప్పగలిగిన పిల్లవాడు రెండు ఇండ్లకూ వారసుడు. ఉగాది పచ్చడిలో వేపపువ్వు, బెల్లము ఒకే గిన్నెలో ఉన్నట్లే ఇదీను. పాఠకులందరికీ నూతన సంవత్సర శుభాకాంక్షలు.